ఎవరి వెంట నడిచి చూడాలి?

(ఆదివాసీ దినోత్సవం నాడు జరిగిన యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం. వేదిక మీద నలుగురం వంతులవారీగా మాట్లాడాం. ఇక్కడ అంతా ఒక్కటిగా కలిపి ఇస్తున్నాం.)

 

ప్రతి ఏటా ఆగస్టు 9న మమ్మల్ని ఇలాగే పిలుస్తారు. శాలువా కప్పుతారు. "వీళ్లలా చదువుకోండి" అని మీకు చెబుతారు. ఫొటో తీస్తారు. మేము దిగిపోతాం. మీరు చప్పట్లు కొడతారు. ఎలా చదివామో, ఎందుకు చదివామో, మధ్యలో ఏం పోగొట్టుకున్నామో చెప్పే సమయం ఎప్పుడూ దొరకలేదు. ఈసారి మేమే సంఘం పెద్దలను అడిగి సమయం తీసుకున్నాం. కాబట్టి శాలువాల సంగతి పక్కన పెట్టి అసలు మాటలోకి వస్తాం.

మేము నలుగురం ఒకే గురుకులంలో బైపీసీ చదివాం. పాడేరు, అరకు వైపు ఊళ్లవాళ్లం. ఇద్దరం ఎంబీబీఎస్ చదివి ఇప్పుడు హౌస్ సర్జన్లుగా ఉన్నాం. ఒకామె స్టాఫ్ నర్సు. ఒకతను పీహెచ్‌సీలో ల్యాబ్ టెక్నీషియన్. నలుగురం ఒకే గదిలో, ఒకే కలతో మొదలుపెట్టాం. అందరం డాక్టర్లం కావాలనే. ఎవరు ఎక్కడికి చేరారో చూశారుగా. ఎందుకలా జరిగిందని మేము చాలాసార్లు మాట్లాడుకున్నాం. ర్యాంకు ఒక కారణం, కాదనం. కానీ అంతకన్నా ముందు ఇంకో కారణం ఉంది. మాలో ఏ ఒక్కరమూ ఆ పని ఎలా ఉంటుందో చూడకుండానే దాన్ని కోరుకున్నాం.

ఒక నిజం ముందే చెప్పేస్తాం. ఈ రోజు మేము చెప్పబోయే పనికి మీకు ఒక్క మార్కు కూడా రాదు. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అర్హతకు మనకు 40వ పర్సంటైల్ చాలు, సీటుకు మాత్రం ర్యాంకు కావాలి. నువ్వెప్పుడైనా రోగి పక్కన కూర్చున్నావా, రాత్రంతా మేలుకోగలవా, చీము చూస్తే తట్టుకోగలవా అని ఎవరూ అడగరు. ఇంటర్వ్యూ లేదు. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ ముందు డిగ్రీ చదివి, తర్వాత మెడికల్ కాలేజీకి దరఖాస్తు పెడతారు. ఏ డాక్టరు వెంట ఎన్ని గంటలు ఉండి చూశారో అందులో రాస్తారు. షాడోయింగ్ అంటారు దాన్ని. నీడలా వెంట ఉండటం. అందుకే అక్కడి పిల్లలు ఎవరి వెంట తిరిగితే మంచిదా అని ముందే ఆలోచించుకుంటారు.

మనల్ని ఎవరూ అడగరు కాబట్టి మనం చూడం. పదో తరగతి అయిన వేసవిలో, పదిహేనేళ్ల వయసులో, ఫారం మీద బైపీసీ అని రాసేస్తాం. మీరు డాక్టరు కావాలా వద్దా అన్న నిర్ణయం నీట్ రోజున జరగదు. ఆ ఫారం రాసే రోజునే జరిగిపోతుంది. ఆ తర్వాత రెండేళ్ల ఇంటర్, రాకపోతే లాంగ్ టర్మ్, మళ్లీ రాకపోతే మళ్లీ లాంగ్ టర్మ్. వచ్చాక నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ఇంట్లో కాఫీ పళ్లు ఏరిన డబ్బు, మిరియాలు అమ్మిన డబ్బు, అమ్మ మెడలోది, అన్నీ అందులోకి పోతాయి. ఇంత పెట్టేముందు ఒక్క వారం చూడకపోవడం ఏమిటి? మేక పిల్లను కొనాలన్నా సంతలో దాని పళ్లు చూస్తాం కదా.

మాలో స్టాఫ్ నర్సు అయిన ఆమె సంగతి చెబుతాం. తనే చెప్పమంది. నీట్ మూడుసార్లు రాసింది. రెండేళ్లు లాంగ్ టర్మ్ హాస్టల్లో ఉంది. మూడోసారి కూడా రాకపోయేసరికి ఏడ్చుకుంటూ బీఎస్సీ నర్సింగ్‌లో చేరింది. రెండో ఏడాది ప్రసవాల వార్డులో మొదటి పోస్టింగు పడింది. నొప్పులు పడుతున్న తల్లి పక్కన రాత్రంతా నిలబడింది. గంట గంటకూ చూసి రాసింది, నీళ్లు తాగించింది, బిడ్డ బయటికి వచ్చాక తుడిచి తల్లి రొమ్ము మీద పెట్టింది. డాక్టరు వచ్చింది, చూసింది, వెళ్లింది. డాక్టరు పని తక్కువని కాదు. కానీ తను ఊహించుకున్న 'డాక్టరు పని', అంటే రోగి పక్కనే ఉండటం, ధైర్యం చెప్పడం, కోలుకునేదాకా వదలకపోవడం, అదంతా నర్సు చేస్తోందని ఆ రాత్రి తెలిసింది. "పదిహేనేళ్లప్పుడు ఒక్క వారం ఒక నర్సు వెంట ఉండి ఉంటే ఇది నా మొదటి కోరిక అయ్యేది, ఓడిపోయి తీసుకున్నది అయ్యేది కాదు" అంటుంది. ఆ రెండేళ్ల లాంగ్ టర్మ్ అప్పు ఇంకా తీరుస్తూనే ఉంది.

ఇక్కడ మమ్మల్ని తప్పుగా అర్థం చేసుకోకండి. "మీ పిల్లలకు ఎంబీబీఎస్ ఎందుకమ్మా, నర్సింగో ల్యాబో చాలులే" అని మా అమ్మలతో అన్నవాళ్లు ఉన్నారు. మా చదువుకు ఆశ కొలిచి పెట్టినవాళ్లు వాళ్లు. మేము ఆ మాట చెప్పడం లేదు. డాక్టరు కావాలనుకుంటే కావాల్సిందే. 2024లో పాడేరులోనే మెడికల్ కాలేజీ మొదలైంది. ములుగులోనూ అదే ఏడాది. ఆసిఫాబాద్‌లో 2023లో, కొత్తగూడెంలో 2022లో వచ్చాయి. మన ఊళ్ల పక్కన కట్టిన కాలేజీల్లో మన పిల్లలు కూర్చోవాలి. చూసి కోరుకోండి, అంతే. చూశాక కోరిక గట్టిపడితే ఆ గట్టితనమే లాంగ్ టర్మ్ గదిలో రాత్రి పన్నెండింటికి మీ పక్కన కూర్చుంటుంది.

అయితే ఎవరి వెంట ఉండాలి? ఈ ప్రశ్నకు చాలామంది తమ్ముళ్లు చెప్పే జవాబు ఒకటే: విశాఖపట్నంలో తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే, పెద్ద ఆసుపత్రిలో గుండె డాక్టరు వెంట. మేము అక్కడ మొదలుపెట్టొద్దంటాం. ఎందుకంటే అక్కడికి వచ్చేసరికి జబ్బు ఫైలుగా మారిపోయి ఉంటుంది. స్కానింగులు, రిపోర్టులు, రిఫరెన్స్ చీటీ. ఆ మనిషి ఏ ఊరి నుంచి, ఎన్నాళ్లకు, ఎవరి భుజాల మీద వచ్చాడో అందులో ఉండదు. అది తెలియకుండా చూస్తే ఆపరేషన్ థియేటర్ సినిమాలా ఉంటుంది. బాగుంటుంది. ఏమీ నేర్పదు.

నిజానికి మీలో చాలామంది ఇప్పటికే ఈ పని చేశారు. పేరు తెలియదంతే. నానమ్మకు జ్వరమొస్తే పీహెచ్‌సీకి ఎవరు తీసుకెళ్లారు? బడికెళ్లే మీరే. నానమ్మకు కువి తప్ప రాదు. డాక్టరుకు తెలుగు తప్ప రాదు. మధ్యలో మీరు. మాలో ఒకరికి పన్నెండేళ్లప్పుడు జరిగింది ఇది. డాక్టరు అడిగారు, దగ్గు ఎన్నాళ్ల నుంచి అని. నానమ్మ చెప్పింది, రెండు సంతల నుంచి అని. డాక్టరు చిరాకుపడి "ఎన్ని రోజులో చెప్పమను" అన్నారు. మావాడు లెక్కవేశాడు. సంత వారానికోసారి. రెండు సంతలంటే పద్నాలుగు రోజులు. ఆ మాట చెప్పగానే డాక్టరు కలం ఆగింది. రెండు వారాలు దాటిన దగ్గంటే కళ్లె పరీక్ష చేయాలి, టీబీ కావచ్చు. నానమ్మ చెప్పిన మాటలో జబ్బు గుర్తు మొత్తం ఉంది. విన్నవాళ్లకు సంత లెక్క తెలియలేదు. ఎంబీబీఎస్‌లో టీబీ పాఠం వచ్చినప్పుడు మావాడికి పుస్తకం కన్నా ముందు ఆ గది గుర్తొచ్చింది.

అందుకే మేము మొదట చెప్పే పేరు మీ ఊరి ఆశా అక్క. నవ్వకండి. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశాలు వచ్చారు. మైదానంలో వెయ్యి మందికి ఒకరు. మన కొండల్లో ఊళ్లు చెదురుమదురుగా ఉంటాయి కాబట్టి చిన్న ఊరికి కూడా ఒకరిని పెట్టుకునే వీలిచ్చారు. ఆవిడ మీ పిన్నో, వదినో అయి ఉంటుంది. ఆవిడ చేసేది మీకు పనిలా కనిపించదు, ఎందుకంటే ఇంటి పక్కనే జరుగుతుంది.

వర్షాలు మొదలయ్యాక ఒకరోజు ఆవిడ సంచి మోస్తూ వెంట వెళ్లండి. జ్వరం ఉన్న ఇంటికి వెళ్తుంది. మలేరియా కిట్ తీస్తుంది. వేలి కొసన గుచ్చి చుక్క రక్తం పట్టీ మీద వేసి, మందు చుక్కలు వేసి, పక్కన పెడుతుంది. గీతలు తేలడానికి పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలే మీరు చూడాల్సినవి. అక్క ఊరికే కూర్చోదు. దోమతెర ఎందుకు మడతపెట్టి దూలం మీద పెట్టారని అడుగుతుంది. కోడలు నెల తప్పిందేమో కనుక్కుంటుంది. బిడ్డ పాలు తాగుతోందా అని చూస్తుంది. మొదటి గీత, రెండో గీత వచ్చేసరికి ఆ ఇంటి ఆరోగ్యమంతా ఆవిడకు తెలిసిపోతుంది. వైవాక్స్ మలేరియా అని తేలితే క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు వేసుకోవాలి. మూడో రోజుకే జ్వరం పోతుంది. నాలుగో రోజు నుంచి మాత్ర ఎవరు వేసుకుంటారు? అక్క మళ్లీ వెళ్లి పట్టీలో మిగిలిన మాత్రలు లెక్కపెడుతుంది. వేసుకోకపోతే లివరులో దాక్కున్న మలేరియా మళ్లీ లేస్తుంది. మెడికల్ కాలేజీలో ఆ మందు ఎలా పనిచేస్తుందో మాకు చెప్పారు. పద్నాలుగో రోజు దాకా మనిషి చేత ఎలా మింగించాలో ఆ అక్క దగ్గరే చూశాం.

పుట్టిన బిడ్డ ఉన్న ఇంటికి కూడా వెంట వెళ్లండి, తల్లి సరేనంటే. ఆసుపత్రిలో కాన్పయి వచ్చినవాళ్ల ఇంటికి ఆశా మూడో రోజు, ఏడో రోజు, తర్వాత 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లాలి. బరువు చూడాలి, ఒళ్లు చల్లబడిందా వెచ్చగా ఉందా చూడాలి, ఊపిరి లెక్కపెట్టాలి. ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? తెలంగాణ సరిహద్దులోని గడ్చిరోలి నుంచి. గోండుల జిల్లా అది. అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు 1986లో అక్కడ సెర్చ్ అనే సంస్థ పెట్టారు. 39 ఊళ్లలో ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చారు. పసిబిడ్డకు చీము జబ్బు, న్యుమోనియా వస్తే గుర్తుపట్టడం, అవసరమైతే ఇంజెక్షన్ ఇవ్వడం కూడా నేర్పారు. మూడో ఏడాదికి ఆ ఊళ్లలో నెలలోపు బిడ్డల చావులు, ఇలాంటి ఏర్పాటు లేని ఊళ్లతో పోలిస్తే, 62 శాతం తగ్గాయి. 1999లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు చదివే పత్రిక అది. ఆ పని చేసింది పెద్దగా చదువుకోని మనలాంటి ఊళ్ల ఆడవాళ్లు. ఆశా అక్క వెంట సంచి మోయడం చిన్నతనం అనిపించినప్పుడు ఈ సంగతి గుర్తుచేసుకోండి.

తర్వాత సబ్ సెంటర్‌లో ఏఎన్ఎం, కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్. టీకాల రోజు వెళ్తే ఒక్క పూటలో చాలా కనిపిస్తుంది. ఆ తర్వాత పీహెచ్‌సీ. గిరిజన ప్రాంతంలో ఇరవై వేల మందికి ఒక పీహెచ్‌సీ, మూడు వేల మందికి ఒక సబ్ సెంటర్ అని లెక్క. సంత రోజున వెళ్లండి. సరుకులు మోసుకొచ్చిన జనం ఆ దారినే ఆసుపత్రికి కూడా వస్తారు.

పీహెచ్‌సీలో అందరూ డాక్టరు గది గుమ్మం దగ్గర నిలబడతారు. మీరు ల్యాబ్‌లోకి వెళ్లండి. ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాం. ఆ ఇంటివాళ్లను అడిగి, వాళ్లు సరేనన్నాకే చెబుతున్నాం. గుర్తుపట్టేలా మాత్రం చెప్పం.

2023 జులై 1న సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ మొదలైంది. నలభై ఏళ్లలోపు వాళ్లు ఏడు కోట్ల మందికి పరీక్ష చేయాలన్నది లక్ష్యం. మన ఊళ్లలో శిబిరాలు పెట్టారు. మాలో ఎంబీబీఎస్ చదువుతున్న ఒకామె సెలవుల్లో ఇంటికొచ్చి, సొంత ఊళ్లోనే శిబిరంలో సాయానికి కూర్చుంది. ఎదురుగా మా ల్యాబ్ టెక్నీషియన్ మిత్రుడే పరీక్షలు చేస్తున్నాడు. చుక్క రక్తం ద్రావణంలో వేస్తే, గొట్టం వెనక ఉన్న గీతలు కనిపించాలి. కనిపించకుండా మబ్బుగా మారితే సికిల్ హిమోగ్లోబిన్ ఉన్నట్టు. వరసకు చెల్లెలయ్యే అమ్మాయి గొట్టం మబ్బుగా మారింది. ఆ అమ్మాయికి అప్పుడే సంబంధం కుదిరింది.

మా ఆమె ఆ రాత్రి వంటింట్లో అమ్మతో అంది, "పాపం, దానికి జబ్బున్నట్టుంది" అని. అంతే. దురుద్దేశం ఏమీ లేదు. జాలితోనే అంది. అమ్మ పెద్దమ్మతో అంది. మాట సంతకు వెళ్లింది. సంత నుంచి పెళ్లికొడుకు ఊరికి వెళ్లింది. మూడో వారానికి సంబంధం పోయింది.

ఆ తర్వాత అసలు పరీక్ష ఫలితం వచ్చింది. ఆ గొట్టం పరీక్ష సికిల్ ఉందా లేదా అని మాత్రమే చెబుతుంది. జబ్బు ఉందా, లేక జబ్బు లేకుండా లక్షణం మోసే మనిషా అన్నది దాంతో తేలదు. దానికి హెచ్‌పీఎల్‌సీ పరీక్ష కావాలి. అది వచ్చింది. ఆ అమ్మాయి మోసే మనిషి మాత్రమే. జబ్బు లేదు. పెళ్లికొడుక్కి సికిల్ గానీ, ఇలాంటి వేరే హిమోగ్లోబిన్ లోపం గానీ లేకపోతే పుట్టే పిల్లలకు సికిల్ సెల్ జబ్బు వచ్చే ప్రమాదం లేదు. ఇద్దరూ మోసేవాళ్లయితే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు ప్రమాదం. అతనికి అసలు పరీక్షే జరగలేదు. అడగవలసిన ప్రశ్న అది. దాన్ని ఎవరూ అడగలేదు. మూడో ఏడాది మెడికో అన్న మాటకు అంత బరువుంది మరి.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అని మన పెద్దలు అంటారు. ఆ చెల్లి ఇప్పటికీ మా ఆమె ఇంటి గుమ్మం తొక్కదు. ఈ ప్రసంగంలో చెప్పడానికి మాత్రం ఒప్పుకుంది. "ఇంకెవరి నోరూ అలా జారకుండా చెప్పండి" అంది.

మేము గమనించింది ఏమిటంటే, అదే గొట్టాన్ని మా ల్యాబ్ మిత్రుడూ చూశాడు. అతనికీ ఆ అమ్మాయి తెలుసు. రిజిస్టర్లో నంబరు రాశాడు, గొట్టం పక్కన పెట్టాడు, తర్వాతి మనిషిని పిలిచాడు. ఇంటికి వెళ్లి అన్నం తిన్నాడు. ఎవరితోనూ ఏమీ అనలేదు. రెండేళ్ల డిప్లొమా చదివినవాడు. ఎంబీబీఎస్ సీటు రాలేదని ఊళ్లో కొందరు చులకనగా చూసినవాడు. మేము పుస్తకంలో 'గోప్యత' అని నాలుగు మార్కుల జవాబు రాశాం. అతను దాన్ని రోజూ చేస్తున్నాడు. మన ఊళ్లు చిన్నవి. ఆసుపత్రికి వచ్చే ప్రతి మనిషీ మనకు బంధువే. పట్నం డాక్టరుకు లేని ఇబ్బంది ఇది. అందుకే ఎవరి వెంట ఉండాలో తేల్చుకునేటప్పుడు డిగ్రీ ఒక్కటే చూడకండి. ఎవరి నోరు కట్టుబడి ఉంటుందో వాళ్ల వెంట ఉండండి. టీబీ అయినా, నెల తప్పడమైనా, సికిల్ అయినా ఆ ల్యాబ్ గది గోడ దాటి రావు.

ఇక డాక్టరు. తప్పకుండా వెంట ఉండండి. అయితే మందులు రాసేటప్పుడు కాదు, పంపించాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు చూడండి. సాయంత్రం ఆరింటికి పాము కరిచిన మనిషి వస్తాడు. రెప్పలు వాలుతున్నాయి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఇక్కడ మొదలుపెట్టాలా, పైకి పంపాలా, పంపితే దారిలో ఊపిరి ఆగితే ఎవరు చూస్తారు, కేజీహెచ్‌కు ఎన్ని గంటలు? డాక్టరు ముఖం ఆ పది నిమిషాలు చూస్తే చాలు. చివరికి మందు మొదలుపెట్టి, ఫోన్లు చేసి, మనిషిని ఎక్కించి పంపాక, డాక్టరు రిజిస్టర్లు రాస్తూ కూర్చుంటారు. నెలవారీ రిపోర్టులు, మీటింగులు, మందుల ఇండెంట్లు. "ఇది కూడా డాక్టరు పనేనా?" అని మాలో ఒకరం అడిగితే ఆ మేడమ్ నవ్వి, ఇదే ఎక్కువ అన్నారు. ఇది తెలిసి వచ్చినవాళ్లు తర్వాత బెంగపడరు.

108లో మిమ్మల్ని ఎక్కించుకోరు, ఎక్కించుకోవద్దు కూడా. రోగి ప్రాణం మీదున్నప్పుడు మీరు అడ్డం. కానీ బండి ఖాళీగా ఆగి ఉన్నప్పుడు ఈఎంటీతో, పైలట్‌తో మాట్లాడండి. మన దారులు, వాగులు, ఏ ఊరికి బండి ఎక్కడిదాకా వస్తుంది, ఎక్కడి నుంచి డోలీ మోయాలి, అన్నీ వాళ్ల నోటి చివరే ఉంటాయి. డోలీ మోసినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు, వాళ్లనూ అడగండి. గర్భిణిని నొప్పులు రాకముందే తీసుకొచ్చి వసతి గృహంలో ఎందుకు ఉంచుతారో అప్పుడు అర్థమవుతుంది.

దిసారి దగ్గరికి, చెట్టుమందు ఇచ్చే తాత దగ్గరికి వెళ్లాలా అని ఇందాక ఒక తమ్ముడు చీటీ పంపాడు. వెళ్లు. ఒక పూట కూర్చో. వెక్కిరించడానికి వెళ్లొద్దు, అంతా మన పూర్వికుల విజ్ఞానమే అని పొగడడానికీ వెళ్లొద్దు. ఒక్కటి గమనించు. ఏ రోగిని చూసి ఆయన "ఇది నా వల్ల కాదు, ఆసుపత్రికి తీసుకుపోండి" అంటాడో, ఎన్నో రోజున అంటాడో చూడు. ఆ మాట రెండో రోజున అనే తాత ఉన్న ఊరికీ, ఎనిమిదో రోజున అనే తాత ఉన్న ఊరికీ చాలా తేడా ఉంది. రేపు నువ్వు డాక్టరువై వస్తే మొదట కలవాల్సింది ఆయన్నే.

పెద్ద ఆసుపత్రి స్పెషలిస్టు ఆఖరున. పిల్లల డాక్టరు గానీ, కాన్పుల డాక్టరు గానీ అయితే మేలు, మన ఊళ్ల అవసరం అక్కడ ఎక్కువ. అది మా అభిప్రాయం. ఒకరిద్దరు కాదనవచ్చు.

ఎలా అడగాలి అంటారా? ప్రిన్సిపాల్ సార్ చేత ఒక ఉత్తరం రాయించుకోండి. పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌కు ఇవ్వండి. ఒక్కరుగా లేదా ఇద్దరుగా వెళ్లండి, గుంపుగా వద్దు. ఫోను సంచిలో ఉండాలి, ఫొటో అన్న మాటే వద్దు. రోగి ఒంటి మీద చెయ్యి వేయొద్దు, సూది ముట్టుకోవద్దు, ఎవరైనా సరదాగా ఇచ్చి "వెయ్యి చూద్దాం" అన్నా సరే. రోగి వద్దంటే బయటికి రండి. కాన్పు గదిలోకి అబ్బాయిలు అసలే వద్దు, అమ్మాయిలు ఆ తల్లి ఒప్పుకుంటేనే. నోటు పుస్తకంలో పేర్లు, ఊర్లు రాయొద్దు. ఏం చూశారో, ఏం అర్థం కాలేదో, దేనికి ఒళ్లు జలదరించిందో రాయండి. కళ్లు తిరిగి పడిపోయినా సిగ్గుపడొద్దు. మాలో ఒకరం మొదటిసారి గాయానికి కుట్లు వేస్తుంటే పడిపోయాం. ఎవరమో చెప్పం.

కొందరు కాదంటారు. మాకూ అన్నారు. ఒకచోట "రిజర్వేషన్ సీటుకు ఇంత అవసరమా?" అని నవ్వారు. ఆ రోజు ఇంటికొచ్చేదాకా మేము ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు. మర్నాడు ఇంకోచోట అడిగాం. అక్కడి సిస్టర్ కుర్చీ వేసి, టీ ఇచ్చి, రిజిస్టర్ ఎలా చదవాలో చూపించింది.

పదో తరగతి పరీక్షలయ్యాక వచ్చే వేసవి దీనికి బాగా కుదురుతుంది. ఇంటర్ వాళ్లకు మేలో నీట్ రాశాక ఫలితాలు, కౌన్సెలింగ్ వచ్చేదాకా ఖాళీ ఉంటుంది. అప్పటికి వానలు మొదలై జ్వరాలు కూడా మొదలవుతాయి. పదిహేను రోజులు చాలు. అందులో సగం రోజులు ఆశాతోనూ ఏఎన్ఎంతోనూ గడపండి. చూశాక "నాకు ఇది వద్దు" అనిపిస్తే అది కూడా ఇంట్లో చెప్పండి. అమ్మానాన్నలు ఇక్కడే ఉన్నారు కాబట్టి వాళ్ల ముందే అంటున్నాం: అలా చెప్పిన పిల్లను తిట్టకండి. లక్ష రూపాయల లాంగ్ టర్మ్ అప్పు మిగిల్చిన పిల్ల ఆవిడ.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మేము నలుగురం వెనక చింతచెట్టు కింద ఉంటాం. బైపీసీ తీసుకోవాలనుకుంటున్న వాళ్లు, తీసుకున్నవాళ్లు రండి. మీ ఊరి పేరు, మీ సబ్ సెంటర్ పేరు, మీ ఆశా అక్క పేరు చెప్పండి. ఏ పీహెచ్‌సీలో ఎవరిని అడగాలో మాకు తెలిసినంత రాసిస్తాం. ఆశా అక్క పేరు తెలియకపోతే ముందు ఇంటికి వెళ్లి కనుక్కోండి, తర్వాత ఫోన్ చేయండి.

జై ఆదివాసీ.